బ్లూ టాంగ్ మీద తెల్ల చుక్కలు, ఊపిరి వేగంగా తీస్తోంది: ఇక్కా, వెల్వెట్టా?

కొత్తకెరటం | 1వ రోజు, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చాలా టెన్షన్‌లో రాస్తున్నాను, ఎవరైనా త్వరగా చెప్పండి. ఇక్, వెల్వెట్ రెండూ పరాన్నజీవుల వల్ల చేపలకి వచ్చే జబ్బులని తెలుసు, నా చేపకి వచ్చింది ఏదో తెలియడం లేదు.

నాది 300 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్. 14 నెలలుగా నడుస్తోంది. రెండు ఓసెల్లారిస్ క్లౌన్‌లు, ఒక రాయల్ గ్రామా, మూడు గ్రీన్ క్రోమిస్‌లు, ఇవీ నా చేపలు. తొమ్మిది రోజుల క్రితం ఒక బ్లూ టాంగ్ చేపని తెచ్చి నేరుగా ఇందులోనే వదిలాను. మెత్తటి పగడాలు, రెండు క్లీనర్ ష్రింప్‌లు (రొయ్యలు), నత్తలు కూడా ఉన్నాయి.

నిన్న సాయంత్రం టాంగ్ రెక్క మీద ఐదారు తెల్ల చుక్కలు కనబడ్డాయి. ఇవాళ ఒళ్ళంతా వచ్చాయి. తిండి తింటోంది కానీ మొన్నటి ఆత్రం లేదు. నీళ్ళు పరీక్షించాను: స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనం కొలత) 1.025, వేడి 26 డిగ్రీలు, పీహెచ్ 8.1, అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10.

మందు ఇదే ట్యాంక్‌లో వేసేయనా? వెల్లుల్లి రసం కలిపి తిండి పెడితే తగ్గుతుందని చదివాను, నిజమేనా?

---

పగడాలతోట | 1వ రోజు, రాత్రి 9:25

కంగారు పడకండి, ఇది ఇక్. టాంగ్‌లకు చాలా మామూలు. నా దగ్గర కూడా వచ్చింది, మంచి తిండి పెడుతూ వెల్లుల్లి ఇచ్చాను, నాలుగైదు రోజుల్లో చుక్కలు పోయాయి. క్లీనర్ ష్రింప్‌లు ఉన్నాయి కదా, అవి కూడా కొంత శుభ్రం చేస్తాయి. చేపని పట్టడానికి వెంటపడితే ఒత్తిడితో ఇంకా పాడవుతుంది. ఓపిక పట్టండి.

---

ఉప్పునీటిమనిషి | 1వ రోజు, రాత్రి 9:41

కొత్తకెరటం గారూ, ముందుగా ఒక్క మాట: డిస్‌ప్లే ట్యాంక్‌లో, అంటే పగడాలున్న మీ పెద్ద ట్యాంక్‌లో, ఏ మందూ వేయకండి. ఈ జబ్బులకి వాడే కాపర్ (రాగి మందు) వేస్తే ష్రింప్‌లు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. పైగా రాళ్ళూ ఇసుకా కాపర్‌ని పీల్చేసుకుంటాయి కాబట్టి మోతాదు నిలవదు.

పగడాలతోట గారు చెప్పింది నిజమే కావచ్చు, కానీ మీ పోస్ట్‌లో చుక్కల కంటే నన్ను ఎక్కువగా ఆపింది టైటిల్‌లో మీరు రాసిన "ఊపిరి వేగంగా" అన్న మాట. చుక్కల ఫోటో కంటే ఇప్పుడు ఇవి కావాలి:

టాంగ్ మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడుతున్నాయి? ఫోన్‌లో నిమిషం పెట్టుకుని లెక్కపెట్టండి, అంచనాగా వద్దు. క్లౌన్‌కీ, ఒక క్రోమిస్‌కీ కూడా.

అది ఎక్కడ ఉంటోంది? వేవ్‌మేకర్ నీళ్ళ తోపుకి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతోందా? లైట్ వెయ్యగానే చీకటి మూలకి పోతోందా?

తర్వాత గదిలో, ట్యాంక్‌లో లైట్లన్నీ తీసేసి, టార్చ్‌ని చేప పక్కనుంచి, దాని ఒంటికి దాదాపు సమాంతరంగా వెయ్యండి. ఉప్పు కళ్ళలా విడివిడిగా లెక్కపెట్టగలిగే చుక్కలా, లేక పుప్పొడి రాసినట్టు సన్నటి పొడా?

ఇది రేపటి దాకా ఆపకండి.

---

కొత్తకెరటం | 1వ రోజు, రాత్రి 10:20

అన్నా, చూశాను. టాంగ్ 128. పెద్ద క్లౌన్ 96. క్రోమిస్‌లలో ఒకటి నీటి పైభాగానే ఉండి నోరు తెరుస్తోంది, దానిది లెక్కపెట్టలేనంత వేగంగా ఉంది. టాంగ్ సాయంత్రం నుంచి వేవ్‌మేకర్ ముందే ఉంది. దానికి ఆ ప్రవాహం ఇష్టమేమో అనుకున్నాను.

టార్చ్ వేస్తే టాంగ్ మీద పెద్ద చుక్కలు కొన్ని ఉన్నాయి. కానీ క్లౌన్ నారింజ భాగం మీద పక్కనుంచి చూసినప్పుడు మాత్రమే కనబడే పొడి ఉంది. పసుపు గోధుమ మధ్య రంగు. ముందునుంచి చూస్తే ఏమీ లేదు. ఇన్ని రోజులూ నేను ముందునుంచే చూశాను.

---

ఉప్పునీటిమనిషి | 1వ రోజు, రాత్రి 10:38

ఇది వెల్వెట్ అనుకునే నడవాలి. టాంగ్ మీద ఇక్ కూడా కలిసి ఉండొచ్చు, కానీ ముందు చంపేది వెల్వెట్.

రెండిటికీ తేడా చెప్తాను, ఎందుకంటే ఈ రాత్రి మీరు చేసే ప్రతి పనీ దీని మీదే ఆధారపడుతుంది. ఇక్ తెచ్చేది క్రిప్టోకారియన్ ఇరిటాన్స్. అది చేప పైచర్మం కిందకి దూరి మూడు నుంచి ఏడు రోజులు తిని, రాలిపోయి, రాయికో ఇసుకకో అంటుకుని గుడ్డులాంటి గూడు కట్టుకుంటుంది. అందులోంచి పిల్లలు వచ్చి మళ్ళీ చేపని వెతుక్కుంటాయి. చుక్కలు వస్తూ పోతూ ఉండేది అందుకే. వెల్వెట్ తెచ్చేది అమిలూడినియం ఓసెల్లేటం. అది వేళ్ళలాంటి పోగులతో చర్మానికి, ముఖ్యంగా మొప్పలకి అతుక్కుంటుంది. ఒక్కటి రాలితే దాన్నుంచి 256 దాకా ఈదే పిల్లలు పుట్టగలవు. చాలాసార్లు ఒంటి మీద పొడి కనబడే సరికే మొప్పలు నిండిపోయి ఉంటాయి. అందుకే చేప ప్రవాహానికి ఎదురు నిలబడుతుంది. తనంత తాను నీళ్ళు లాక్కోలేక, నోట్లోకి నీళ్ళు తోసే చోటు వెతుక్కుంటుంది.

ఇక్ అయితే రెండు మూడు రోజులు తీసుకుని ట్యాంక్ సిద్ధం చేసుకోండి అనేవాణ్ణి. ఇక్కడ అంత టైమ్ లేదు.

ఈ రాత్రికి చేయాల్సింది మంచినీటి స్నానం. ఆర్‌వో నీళ్ళు ఒక శుభ్రమైన బకెట్‌లో పోసి, హీటర్‌తో ట్యాంక్ వేడికి సరిగ్గా తేండి. వంటసోడా చిటికెడు చిటికెడు వేస్తూ పీహెచ్ కూడా ట్యాంక్‌తో సమానం చెయ్యండి. ఎయిర్‌స్టోన్ గట్టిగా పెట్టండి. ఒక్కో చేపని ఐదు నిమిషాలు ఉంచండి. మొదటి నిమిషంలో పక్కకి ఒరిగిపోవచ్చు, భయపడి వెంటనే తీయకండి. మూడు నాలుగు నిమిషాలైనా తేరుకోకుండా అడుగున కదలక పడి ఉంటే మాత్రం తీసేయండి.

స్నానం అయిన చేపని మళ్ళీ పాత ట్యాంక్‌లో వేయొద్దు. రాళ్ళు, ఇసుక లేని వేరే ట్యాంక్‌లో, కొత్తగా కలిపిన ఉప్పునీళ్ళలో వెయ్యండి. ట్యాంక్ లేకపోతే తిండి పదార్థాలు పెట్టే రకం పెద్ద ప్లాస్టిక్ టబ్బు చాలు. హీటర్, ఎయిర్‌స్టోన్, దాక్కోవడానికి నాలుగు పీవీసీ పైపు ముక్కలు. డిస్‌ప్లే ట్యాంక్‌కి కనీసం మూడు మీటర్ల దూరంలో పెట్టండి, గాలిలో తేలే నీటి తుంపరతో కూడా వెల్వెట్ పాకుతుంది.

స్నానంతో జబ్బు నయం కాదు. మొప్పల మీది బరువు కొంత దిగుతుంది, తర్వాత టబ్బులో వేసే కాపర్ పనిచేసే దాకా చేప బతికుంటుంది.

---

మైక్రోస్కోప్‌కన్ను | 1వ రోజు, రాత్రి 10:55

ఉప్పునీటిమనిషి గారితో ఏకీభవిస్తున్నాను. ఒకటి కలుపుతాను. ఏ చేపైనా చనిపోతే పారేయకండి. ఒక గంటలోపు మొప్పపోగు కొద్దిగా కత్తిరించి, ఒక చుక్క ఉప్పునీళ్ళతో గాజు పలక మీద పెట్టి చూడండి. పిల్లల సైన్స్ కిట్‌లో వచ్చే 100 రెట్లు పెద్దది చేసే మైక్రోస్కోప్ అయినా చాలు. ఆలస్యమైతే పరాన్నజీవులు చేపని వదిలేస్తాయి, ఏమీ కనబడదు.

వెల్వెట్ అయితే ముదురు రంగులో గుండ్రంగానో, బేరిపండు ఆకారంలోనో మొప్పకి అతుక్కుని కదలకుండా ఉంటాయి. ఇక్ అయితే పెద్దగా, గుండ్రంగా, చుట్టూ సన్నటి వెంట్రుకలతో తనలో తాను మెల్లగా గిరగిరా తిరుగుతుంది. కదలడమా కదలకపోవడమా అన్న ఒక్క తేడాతోనే సగం సందేహం తీరిపోతుంది.

---

కొత్తకెరటం | 2వ రోజు, తెల్లవారుజాము 2:05

చేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

చేపల్ని పట్టడానికి రాళ్ళు సగం తీయాల్సి వచ్చింది. నీటి పైన ఉన్న క్రోమిస్ వల అందేలోపే పోయింది. టాంగ్ బకెట్‌లోకి వెళ్ళగానే పక్కకి పడుకుంది, కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండో నిమిషంలో నిలబడింది. క్లౌన్‌లు ఏమీ జరగనట్టు ఉన్నాయి. ఇప్పుడు అన్నీ 80 లీటర్ల టబ్బులో ఉన్నాయి. టాంగ్ 110కి దిగింది.

చనిపోయిన క్రోమిస్ మొప్పని పక్కింటి అబ్బాయి మైక్రోస్కోప్ కింద చూశాను. ముదురు గుండ్రటి గింజలు, ఒకదాని పక్కన ఒకటి, మొప్ప అంచు కనబడనంతగా. ఒక్కటీ కదల్లేదు.

---

మైక్రోస్కోప్‌కన్ను | 2వ రోజు, ఉదయం 6:30

అది వెల్వెటే. ఇక సందేహం లేదు. ఆ రాత్రి అంత పని చేశారు, మిగతావాటికి అవకాశం ఉంది.

---

కొత్తకెరటం | 2వ రోజు, మధ్యాహ్నం 3:15

చిలేటెడ్ కాపర్ దొరికింది. సీసా మీద రాసిన లెక్క ప్రకారం 80 లీటర్లకి 2.0 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేశాను. గంట తర్వాత కిట్‌తో చూస్తే 0.3 కూడా లేదు! సీసా పాతదై ఉంటుంది. ఇంకోసారి అంతే వేసేస్తున్నాను.

---

ఉప్పునీటిమనిషి | 2వ రోజు, మధ్యాహ్నం 3:19

ఆగండి. వేయకండి. మీ కిట్ పెట్టె మీద చిలేటెడ్ కాపర్ కొలుస్తుందని ఉందా?

---

కొత్తకెరటం | 2వ రోజు, మధ్యాహ్నం 3:24

లేదు. "అయానిక్ కాపర్‌కి మాత్రమే" అని ఉంది. ఇంకా వేయలేదు.

---

ఉప్పునీటిమనిషి | 2వ రోజు, మధ్యాహ్నం 3:40

హమ్మయ్య. తప్పు మందుది కాదు, కొలతది. చిలేటెడ్ కాపర్ ఒక రసాయనంతో ముడిపడి ఉంటుంది, ఆ కిట్ దాన్ని పూర్తిగా చూడలేదు. ఇంకోసారి వేసుంటే మీ నీళ్ళలో 4 పీపీఎం ఉండేది, కిట్ అప్పుడూ తక్కువే చూపించేది.

చిలేటెడ్ కాపర్‌కి 2.0 నుంచి 2.5 పీపీఎం ఉండాలి. అయానిక్ కాపర్ అయితే 0.15 నుంచి 0.20 మాత్రమే. ఒకదాని అంకె ఇంకోదానికి పెడితే, ఒకవైపు చేప చస్తుంది, ఇంకోవైపు జబ్బు బతుకుతుంది. దీనివల్ల పోయిన చేపలు జబ్బుతో పోయిన వాటికంటే తక్కువేమీ ఉండవని నాకనిపిస్తుంది.

చిలేటెడ్ కొలిచే కిట్ వచ్చేదాకా లెక్కనే నమ్ముకోండి. టబ్బు పట్టే నీళ్ళు కాదు, మీరు నిజంగా పోసిన నీళ్ళు ఎన్ని లీటర్లు? బకెట్లు గుర్తు తెచ్చుకుని చెప్పండి.

---

కొత్తకెరటం | 2వ రోజు, మధ్యాహ్నం 3:52

15 లీటర్ల బకెట్లు ఐదు. అంటే 75. అంటే ఇప్పుడు సుమారు 2.1 ఉండాలి.

---

ఉప్పునీటిమనిషి | 2వ రోజు, మధ్యాహ్నం 3:55

సరిపోయింది. టబ్బు మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఆవిరైన నీళ్ళకి బదులు మంచినీళ్ళు పోసి ఆ గీతకే తేండి, అప్పుడు కాపరూ ఉప్పూ రెండూ మారవు. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే తీసేయండి, అది కాపర్‌ని లాగేస్తుంది.

---

చిన్నచేప | 4వ రోజు, ఉదయం 8:10

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నా కొత్త క్లౌన్‌కి కూడా ఊపిరి వేగంగా ఉంది, ఒంటి మీంచి తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతోంది. ఇది కూడా వెల్వెటేనా? నేనూ కాపర్ వేయాలా?

---

మైక్రోస్కోప్‌కన్ను | 4వ రోజు, ఉదయం 8:32

వద్దండి, కాపర్ దీనికి పనిచేయదు. క్లౌన్‌లలో ఒళ్ళంతా జిగురు పొరలుగా ఊడటం, తిండి మానెయ్యడం, కొత్తగా వచ్చిన చేప కావడం, ఈ మూడూ కలిస్తే మొదటి అనుమానం బ్రూక్లినెల్లా అనే ఇంకో పరాన్నజీవి. దీనికి ఎప్పటినుంచో వాడేది ఫార్మాలిన్ స్నానం. 37 శాతం ఫార్మాలిన్ గ్యాలన్ ఉప్పునీటికి, అంటే దాదాపు 3.8 లీటర్లకి, 1 మిల్లీలీటరు. 45 నిమిషాలకి మించకుండా, చేప పక్కనే కూర్చుని, గాలి గట్టిగా పెట్టి చెయ్యండి. ఫార్మాలిన్ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిస్తుంది.

సీసా అడుగున తెల్లటి మడ్డి కనబడితే ఆ సీసా వాడకండి, అది చేపలకి విషం. మీరు కూడా గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తీసి ఉంచండి. ఫార్మాలిన్ ఆవిరి మనుషులకీ మంచిది కాదు. స్నానం తర్వాత చేపని పాత నీళ్ళలో కాక కొత్త ట్యాంక్‌లో వేయాలి. వేరే థ్రెడ్ తెరిచి ఫోటో పెట్టండి, అక్కడ వివరంగా చూద్దాం.

---

కొత్తకెరటం | 5వ రోజు, రాత్రి 9:00

కొత్త కిట్ వచ్చింది: 2.15. లెక్క నిజమైంది.

కానీ అమ్మోనియా 1.0 చూపిస్తోంది. రాయల్ గ్రామా పైపులోంచి బయటికి రావడం లేదు. టాంగ్ మీద పొడి తగ్గింది, ఊపిరి 92.

---

పగడాలతోట | 5వ రోజు, రాత్రి 9:08

అమ్మోనియాని కట్టేసే వాటర్ కండిషనర్ వెయ్యండి, నిమిషాల్లో విషం తగ్గుతుంది.

---

ఉప్పునీటిమనిషి | 5వ రోజు, రాత్రి 9:11

కాపర్ ఉన్న నీళ్ళలో అది వద్దు. ఆ కండిషనర్లు చాలావరకు కాపర్ రూపాన్ని మార్చి, చేపకి ఇంకా విషంగా చేస్తాయి. మామూలు ట్యాంక్‌లో పగడాలతోట గారి సలహా సరైనదే, ఇక్కడ మాత్రం కాదు.

సగం నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళని బకెట్‌లోనే 2.15 కాపర్‌కి, అదే ఉప్పుకి, అదే వేడికి తెచ్చి పోయండి. కాపర్ ఒక్క పూట కూడా 2.0 కిందకి దిగకూడదు. డిస్‌ప్లే ట్యాంక్‌లోని ఫిల్టర్ స్పాంజ్ తెచ్చి పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. దానితో పాటు జబ్బు కూడా వస్తుంది. సీసాలో దొరికే నైట్రిఫయింగ్ బ్యాక్టీరియా (అమ్మోనియాని తగ్గించేవి) వేసుకోండి. తిండి రోజుకు రెండుసార్లు, చేప నోటితో అందుకున్నంతే. మిగిలింది వెంటనే ట్యూబ్‌తో లాగేయండి.

---

కొత్తకెరటం | 7వ రోజు, ఉదయం 6:50

గ్రామా పోయింది. రాత్రి పైపు నోటి దగ్గర ఉంది, పొద్దున అదే చోట ఉంది. అది నా మొదటి చేప.

మిగిలినవి టాంగ్, రెండు క్లౌన్‌లు, రెండు క్రోమిస్‌లు. అమ్మోనియా 0.25.

---

నీలిలోతు | 7వ రోజు, ఉదయం 7:30

చాలా బాధగా ఉంది అన్నా. మొప్పలు అప్పటికే దెబ్బతిని ఉంటే పరాన్నజీవి చచ్చినా చేప కోలుకోలేదు. మీరు ఆ రాత్రి కదలకపోతే ఇప్పుడు ఐదు మిగిలేవి కావు.

---

పగడాలతోట | 12వ రోజు, రాత్రి 8:40

ఈ థ్రెడ్ మొదటినుంచీ మళ్ళీ చదివాను. మొదటి రోజు నేను ఓపిక పట్టమన్నాను. ఆ మాట విని ఉంటే అన్నీ పోయేవి. క్షమించండి కొత్తకెరటం గారూ.

ఒకటి అడగాలి. నా ట్యాంక్‌లో చుక్కలు నాలుగు రోజుల్లో పోయాయని రాశాను కదా. నిజానికి అవి రెండు నెలలకోసారి, హీటర్ పాడైనప్పుడో కొత్త చేప వచ్చినప్పుడో మళ్ళీ వస్తున్నాయి, పోతున్నాయి. నేను ప్రతిసారీ వెల్లుల్లి తగ్గించిందనుకున్నాను. అది అసలు పోనే లేదా?

---

ఉప్పునీటిమనిషి | 12వ రోజు, రాత్రి 9:15

పోలేదండి. చుక్క రాలిపోవడం అంటే జబ్బు తగ్గడం కాదు, పరాన్నజీవి కడుపు నిండి కిందకి దిగడం. నాలుగు రోజుల్లో అది ఎలాగూ జరుగుతుంది, ఏం పెట్టినా, ఏం పెట్టకపోయినా. మంచి తిండితో చేపకి కొంత రోగనిరోధక శక్తి వచ్చింది, అందుకే ఒంటి మీద తక్కువగా కనబడుతోంది. మొప్పల్లో కొన్ని ఎప్పుడూ ఉంటున్నాయి. వెల్లుల్లి వాసనకి చేప తిండి దగ్గరికి రావచ్చు, అంతవరకే.

మీకు వెల్వెట్ కాదు, ఇక్ కాబట్టి తొందర లేదు, దారులు కూడా ఎక్కువే. కాపర్ వద్దనుకుంటే చేపల్ని 1.009 స్పెసిఫిక్ గ్రావిటీలో 30 రోజులు ఉంచవచ్చు. ఇది వెల్వెట్‌కి పనిచేయదు, ఇక్‌కి పనిచేస్తుంది. కానీ కొలత కచ్చితంగా ఉండాలి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని కాలిబ్రేట్ చేసుకోండి. లేదా మందు లేకుండా ట్యాంక్ మార్పిడి పద్ధతి ఉంది: 72 గంటలు దాటకముందే ప్రతిసారీ పూర్తిగా శుభ్రమైన, ఆరిన ట్యాంక్‌కి మార్చుతూ నాలుగుసార్లు. రాలినవి పాత ట్యాంక్‌లోనే గూడు కట్టుకుని మిగిలిపోతాయి, పిల్లలు వచ్చేసరికి చేప అక్కడ ఉండదు. చేపకి మందు బాధ ఉండదు కాబట్టి నాకు ఈ పద్ధతి మీదే మక్కువ.

---

కొత్తకెరటం | 16వ రోజు, సాయంత్రం 6:20

టాంగ్ ఊపిరి 80. చేతిలోంచి తినబోయింది. పొడి ఎక్కడా లేదు. డిస్‌ప్లే ట్యాంక్ చేపల్లేకుండా ఎన్ని రోజులు ఉంచాలి? ఒకచోట ఆరు వారాలు, ఇంకోచోట 76 రోజులు అంటున్నారు.

---

మైక్రోస్కోప్‌కన్ను | 16వ రోజు, సాయంత్రం 6:55

ఆరు వారాలు వెల్వెట్‌కి చెప్పే లెక్క. 76 ఇక్‌కి. ఇక్ గూళ్ళు కొన్ని 72 రోజుల దాకా పగలకుండా ఉండగలవు, దాని మీద కొద్ది రోజులు కలిపితే 76. మీరు మొదటి రాత్రి టాంగ్ మీద విడివిడి చుక్కలు కూడా చూశానన్నారు. ఇక్ లేదని మనం రుజువు చేయలేదు. కాబట్టి 76.

లెక్క ఆఖరి చేప బయటికొచ్చిన రోజు నుంచి. ఈలోగా పగడాలు, ష్రింప్‌లు, నత్తలు అక్కడే ఉండొచ్చు, వాటికి ఈ జబ్బు రాదు. కానీ ఇంకో ట్యాంక్ నుంచి తడి నత్తో, పగడమో, వలో ఇందులో పెడితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నత్త గుల్ల మీద కూడా గూడు అంటుకుని రాగలదు.

---

కొత్తకెరటం | 33వ రోజు, రాత్రి 7:45

కాపర్ 30 రోజులు పూర్తయింది. కార్బన్ పెట్టి నీళ్ళు మార్చుతున్నాను. ఐదూ బాగున్నాయి. పెద్ద క్లౌన్ పైపు ముక్కని సొంతం చేసుకుని చిన్నదాన్ని రానివ్వడం లేదు.

---

కొత్తకెరటం | 78వ రోజు, రాత్రి 10:10

ఇవాళ మధ్యాహ్నం ఐదిటినీ పాత ట్యాంక్‌లోకి వదిలాను. నీళ్ళు మెల్లగా అలవాటు చేయడానికి గంట పట్టింది. క్లౌన్‌లు నేరుగా తమ పాత మూలకి వెళ్ళిపోయాయి. గ్రామా ఉండే రాతి సందు ఖాళీగా ఉంది, అక్కడ ఇంకా ఏమీ పెట్టాలనిపించడం లేదు.

లైట్లన్నీ తీసేసి, టార్చ్ పక్కనుంచి వేసి, అందరినీ ఒక్కొక్కటిగా చూశాను. టాంగ్ రాళ్ళ వెనక పడుకుని ఉంది, వేవ్‌మేకర్‌కి దూరంగా. నిమిషం పెట్టుకుని లెక్కపెట్టాను. 72. మళ్ళీ లెక్కపెట్టాను. 72.

టబ్బు కడిగి ఎండబెట్టాను. దాన్ని తీసేయను. ఇక ఏ చేప వచ్చినా ముందు అందులోకే.